మెదడు: నేను చెప్పిన పాఠం, నేను నేర్చుకున్న పాఠం

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల మీద గంటసేపు వేడివేడిగా చర్చ జరిగిన తరువాత నన్ను మాట్లాడమన్నారు. బకాయిల తరువాత మెదడు గురించి ఎవరు వింటారండీ అని కార్యదర్శిగారిని అడిగాను. "మీరు మొదలుపెట్టండి మాస్టారూ, టీ వచ్చేదాకా ఎవరూ లేవరు" అన్నారు. కనుక టీ వచ్చేలోపల చెప్పవలసింది చెప్పేస్తాను.

మీలో చాలామందికి తెలుసు, నేను జూనియర్ కాలేజీల్లో జంతుశాస్త్రం లెక్చరరుగా 31 సంవత్సరాలు పనిచేసి 2008లో రిటైరయ్యాను. ప్రతి ఏడూ నాడీ మండలం పాఠం చెప్పేవాణ్ణి. రంగు సుద్దముక్కలతో మెదడు నిలువుకోత బొమ్మ బోర్డు మీద వేస్తే పక్క సెక్షన్ పిల్లలు కూడా కిటికీలోంచి చూసేవారు. ఆ బొమ్మ మీద నాకు కొంచెం గర్వం ఉండేది. ఆ గర్వం ఎలా దిగిపోయిందో కూడా చెబుతాను. ముందు పాఠం.

మెదడు బరువు సుమారు 1300 నుంచి 1400 గ్రాములు. నా పాత విద్యార్థి ఒకడు మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో నన్ను తీసుకువెళ్లి అక్కడి అనాటమీ మ్యూజియం చూపించాడు. జాడీలో మందునీళ్లలో ఉన్న మెదడు గట్టిగా, బూడిద రంగులో, పెద్ద అక్రోటు పప్పులాగా ఉంది. "ఇది మందులో నానడం వల్ల గట్టిపడింది సార్, ప్రాణమున్న మనిషిలో అయితే మెత్తగా జున్నులాగా ఉంటుంది" అన్నాడు. మొదటి రోజు పాలతో చేసిన జున్ను గిన్నెలోంచి పళ్లెంలోకి తిప్పితే ఎలా అదురుతుందో మీరందరూ చూసినవారే. మన చదువులు, ఉద్యోగాలు, బిడ్డల పేర్లు, పగలు, ప్రేమలు అన్నీ ఆ జున్నుముద్దలోనే ఉన్నాయి.

అంత మెత్తటి వస్తువు కాబట్టే ప్రకృతి దాన్ని ఎముకల పెట్టెలో పెట్టి, మూడు పొరలు చుట్టింది. బయటిది వరాశిక, మధ్యది లౌతికళ, లోపలిది మృద్వి. ఈ పేర్లు మీరు గుర్తుపెట్టుకోనక్కరలేదు, పరీక్ష లేదు. లోపలి రెండు పొరల మధ్య ఒక ద్రవం ఉంటుంది. మెదడు, వెన్నుపాముల చుట్టూ కలిపి సుమారు 150 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ గ్లాసుడు. ఆ ద్రవంలో మెదడు తేలుతూ ఉండడం వల్ల దాని బరువు 50 గ్రాములంతే అనిపిస్తుంది. నూతిలో బిందె నీళ్లలో ఉన్నంతసేపూ తేలికే కదా, అలాగన్నమాట.

ఇక్కడ మన వయసువారికి పనికివచ్చే సంగతి ఒకటి. వయసు పెరిగినకొద్దీ మెదడు కొద్దిగా కుంచించుకుపోతుంది. పెట్టె అంతే, లోపలి వస్తువు తగ్గుతుంది. అప్పుడు మెదడు నుంచి పైపొరకు వెళ్లే సన్నని సిరలు సాగి ఉంటాయి. బాత్‌రూములో జారి తల గోడకు తగిలితే, దెబ్బ చిన్నదే కావచ్చు, బొప్పి కూడా కట్టకపోవచ్చు. లోపల సిర చిట్లి రక్తం చుక్కచుక్కగా చేరి, రెండు మూడు వారాల తరువాత తలనొప్పి, మగత, మాట తడబడడం మొదలవుతాయి. ఆ మనిషికి దెబ్బ సంగతే గుర్తుండదు. కాబట్టి తలకు చిన్న దెబ్బ తగిలినా తేదీ వేసి కేలండరు మీద రాసిపెట్టండి. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.

మెదడు మన బరువులో రెండు శాతమే. కానీ మనం పీల్చే ఆక్సిజన్‌లో అయిదో వంతు అదే తినేస్తుంది. ఇంట్లో చిన్నవాడు, ఖర్చు మాత్రం పెద్దది. పైగా దానికి దాచుకునే అలవాటు లేదు. కండరం కొంత దాచుకుంటుంది, కాలేయం దాచుకుంటుంది, కొవ్వు సంగతి చెప్పనే అక్కరలేదు. మెదడుకు మాత్రం బ్యాంకు నిల్వ లేదు, ఏ నిమిషానికానిమిషం రక్తం తెచ్చిపెట్టాలి. రక్తం పూర్తిగా ఆగితే పది సెకన్లలోపల స్పృహ తప్పుతుంది, నాలుగైదు నిమిషాల్లో కణాలు చావడం మొదలవుతుంది. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇక నాడీకణాలు. మేము పాఠం చెప్పే రోజుల్లో మెదడులో పది వేల కోట్ల నాడీకణాలున్నాయని చెప్పేవాళ్లం. 2009లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు కొత్త పద్ధతిలో లెక్కపెట్టి, సుమారు 8,600 కోట్లని తేల్చారు. 31 ఏళ్లపాటు పిల్లలకు 1,400 కోట్లు ఎక్కువ చెప్పానన్నమాట. ఆడిట్‌వాళ్లు పట్టుకోలేదు కనుక బతికిపోయాను.

ఒక్కొక్క కణానికి కొమ్మల్లాంటి పోగులు కొన్ని, తోకలాంటి పొడుగాటి తీగ ఒకటి ఉంటాయి. కొమ్మలు కబురు అందుకుంటాయి, తీగ కబురు పంపుతుంది. వెన్నుపాము అడుగునుంచి కాలివేలిదాకా వెళ్లే తీగ ఒక మీటరు పొడవు ఉంటుంది. అది ఒకే ఒక కణంలో భాగం! తీగలో కబురు విద్యుత్తు రూపంలో పోతుంది. తీగ చివర మాత్రం రెండో కణాన్ని ముట్టుకోదు. మధ్యలో కంటికి కనిపించని సందు ఉంటుంది. ఆ సందులోకి ఒక రసాయనం విడుదలై అవతలి కణాన్ని తట్టి లేపుతుంది. నిద్రమాత్ర అయినా, వణుకుడు జబ్బుకు ఇచ్చే మందైనా, మనం తాగే కాఫీ అయినా చాలావరకు పనిచేసేది ఈ సందుల దగ్గరే.

కొన్ని తీగలకు మయలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. మా పక్కింటాయన టెలిఫోన్స్‌లో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఆయనకు ఇది చెబితే "తొడుగున్న వైరు, తొడుగులేని వైరు అంతేనా" అన్నారు. అంతే. అయితే ఇక్కడ తొడుగు వేగాన్ని కూడా పెంచుతుంది. మంచి తొడుగున్న తీగలో కబురు సెకనుకు వంద మీటర్ల పైచిలుకు పరిగెడుతుంది. తొడుగులేని సన్నతీగలో సెకనుకు ఒక మీటరు నడుస్తుంది. కాలివేలు గడపకు తగిలినప్పుడు గమనించండి. ముందు చురుక్కుమంటుంది, ఒక క్షణం ఆగి, సలుపు వస్తుంది. చురుకు పల్చని తొడుగున్న తీగలో వచ్చింది, సలుపు తొడుగులేని తీగలో తీరుబడిగా వచ్చింది. దెబ్బ ఒకటే, కబుర్లు రెండు.

పెనం మీద చెయ్యి పడితే వెంటనే వెనక్కి లాక్కుంటాం. "అమ్మా" అని తరువాత అంటాం. లాక్కోమని చెప్పింది మెదడు కాదు, వెన్నుపాము. దీనినే ప్రతీకార చర్య అంటాం. ఫైలు హెడ్డాఫీసుకు పోయి ఆమోదం పొంది వచ్చేసరికి చెయ్యి కాలిపోతుంది కనుక కింది ఆఫీసుకే అధికారమిచ్చారు. హెడ్డాఫీసుకు తరువాత ఒక కాపీ వెళుతుంది. ఆ కాపీ అందినప్పుడు నొప్పి తెలుస్తుంది. మెదడు నుంచి పన్నెండు జతలు, వెన్నుపాము నుంచి ముప్పై ఒక్క జతలు నాడులు బయలుదేరి ఒళ్లంతా అల్లుకుంటాయి. ఇంకో వింత, ఒళ్లంతటి నొప్పినీ తెలుసుకునే మెదడుకు తన నొప్పి తెలియదు. కోసినా తెలియదు. తలనొప్పి వచ్చేది పొరలనుంచి, రక్తనాళాలనుంచి, మెడ కండరాలనుంచి.

భాగాల సంగతి గబగబా చెబుతాను. అడుగున మజ్జాముఖం, ఊపిరి, గుండె వేగం దాని అదుపులో ఉంటాయి. దాని వెనుక అనుమస్తిష్కం, తూలిపోకుండా నడవడం, సూదిలో దారం ఎక్కించడం దాని పని. తాగినవాడు తూలేది అది మత్తెక్కినందువల్లే. బరువులో మెదడులో పదో వంతే అయినా, ఆ 8,600 కోట్లలో ఎక్కువభాగం కణాలు అందులోనే ఇరుక్కుని ఉన్నాయి. పైన మస్తిష్కం, అసలు పెద్దమనిషి. పైపొర మందం రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు, ముడతలు విప్పి పరిస్తే రెండు చదరపు అడుగుల పైచిలుకు. కుడి ఎడమ అర్ధభాగాలు రెండు. వీటినుంచి దిగే తీగల్లో నూటికి ఎనభై అయిదు, తొంభై దాకా మజ్జాముఖం దగ్గర ఇటువి అటు, అటువి ఇటు దాటుతాయి. అందుచేత ఎడమ మెదడు కుడిచేతిని, కుడి మెదడు ఎడమచేతిని కదిలిస్తాయి.

ఇదంతా నాకు కంఠతా వచ్చు. ఇప్పుడు నా గర్వం దిగిపోయిన సంగతి.

2017లో భోగి ముందురోజు. ధనుర్మాసం కదా, మా ఆవిడ నాలుగున్నరకే లేచి వాకిట్లో ముగ్గు మొదలుపెట్టింది. ఆమె కూడా హైస్కూల్లో తెలుగు పండితురాలిగా పనిచేసి 2011లో రిటైరైంది, మీకందరికీ తెలిసినదే. అప్పటికి అరవైనాలుగో ఏడు. అయిదు గంటల ప్రాంతంలో నేను లేచి పేపరు కోసం బయటకు వచ్చాను. చుక్కలు తీర్చినట్టు ఉన్నాయి. గీతలు సగందాకా బాగానే వచ్చి, అక్కడినుంచి వంకరగా పక్కకు పోయాయి. పిండి గిన్నె బోర్లాపడి ఉంది. ఆవిడ అరుగు మీద కూర్చుని కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చూసుకుంటోంది.

"ఏమైంది?" అన్నాను. "అది... అది..." అంది. చలికి వేళ్లు కొంకర్లు పోయాయేమో అనుకున్నాను. లోపలికి రమ్మంటే లేచి వచ్చింది. కుడికాలు కొంచెం ఈడ్చింది, కానీ నడిచింది. నడిచింది కదా, పక్షవాతం అయితే నడవగలదా అనుకున్నాను. కాఫీ కలిపి ఇచ్చాను. నోటి కుడిమూల నుంచి కారిపోయింది, పొలమారింది. మూతి కొంచెం పక్కకు ఉంది. మంచులో కూర్చున్నందుకు గాలి కొట్టింది అనుకున్నాను. పడుకోబెట్టి దుప్పటి కప్పాను. ఎనిమిదింటికి పక్కవాళ్లొచ్చి చూశారు. ఒకరు పావురం రక్తం రాయమన్నారు, ఒకరు పండగ వెళ్లనివ్వమన్నారు. తొమ్మిదింటికి దగ్గరలోని ఒక చిన్న నర్సింగ్ హోముకు తీసుకువెళితే సెలైన్ పెట్టి చూద్దామన్నారు. అక్కడినుంచి కదిలి, స్కానింగు ఉన్న పెద్దాసుపత్రికి చేరేసరికి పదకొండున్నర.

అక్కడి యువ డాక్టరు మొట్టమొదట అడిగింది బి.పి. ఎంత అని కాదు, షుగరు ఉందా అని కాదు. "ఎన్నిగంటలకు మొదలైంది?" అని. అయిదింటికి అన్నాను. ఆయన గోడ గడియారం వైపు చూశారు. ఇంకేమీ అనలేదు. గడ్డ కట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంది, అది నాలుగున్నర గంటల్లోపల ఇవ్వాలని తరువాత తెలిసింది. మేము ఆరున్నర గంటలకు వెళ్లాం.

2006లో ఒక అమెరికన్ వైద్యుడు లెక్కగట్టాడు. మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోతే సగటున నిమిషానికి 19 లక్షల నాడీకణాలు చనిపోతాయట. ఆరున్నర గంటలంటే 390 నిమిషాలు. ఒకనాటి రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చుని గుణించాను. 74 కోట్లు. సగటు లెక్క అందరికీ ఒకేలా వర్తించదని నాకూ తెలుసు. అయినా గుణించాను.

నేను ఎక్కడ పొరబడ్డానో ఆ తరువాత పుస్తకం తీసి చూసుకున్నాను. కొత్త సంగతేమీ లేదు, నేను బోర్డు మీద వేసిన బొమ్మే. శరీర భాగాలకు ఆజ్ఞలిచ్చే పట్టీ ఒకటి మస్తిష్కం మీద అడ్డంగా, ఒక చెవి వైపునుంచి మరో చెవి వైపుకు, తలకు పెట్టుకునే రిబ్బనులాగా ఉంటుంది. అందులో కాలికి సంబంధించిన చోటు నడినెత్తిన, రెండు అర్ధభాగాల మధ్య సందులో ఉంది. చేతిది, ముఖానిది పక్కల ఉన్నాయి. పక్క భాగానికి రక్తం ఇచ్చే నాళం వేరు, నడినెత్తికి ఇచ్చే నాళం వేరు. ఆమెకు పూడుకున్నది పక్క నాళం. అందుకే చెయ్యి, మూతి పడిపోయాయి, కాలు చాలావరకు మిగిలింది. నడిచింది కనుక పక్షవాతం కాదనుకున్నాను చూడండి, ఆ నడకే ఏ నాళం పూడిందో నాకు చెబుతోంది. వినిపించుకోలేదు.

గాలి కొట్టడం అనుకున్నది రెండో పొరపాటు. ఏడో కపాల నాడి వాచినా మూతి పక్కకు పోతుంది, నిజమే. కానీ అప్పుడు ఆ పక్క నుదురు కూడా ముడతపడదు, కన్ను సరిగా మూతపడదు. పక్షవాతంలో నుదురు మామూలుగానే ముడుచుకుంటుంది, ఎందుకంటే నుదుటి కండరాలకు రెండు అర్ధభాగాలనుంచీ తీగలు వస్తాయి. మా ఆవిడ నా వైపు నుదురు చిట్లించి చూసింది ఆ రోజు. కాఫీ వద్దని. ఈ తేడా చూసి ఇంట్లో మీరే తేల్చుకోమని మాత్రం నేను చెప్పడం లేదు. మూతి వంకరపోతే ఆసుపత్రే తేల్చాలి.

మరొక సంగతి కూడా ఇక్కడ చెప్పేస్తాను, ఎప్పుడో ఒకప్పుడు చెప్పాలి కనుక. ఆమె బి.పి. మాత్రలు అయిపోయి అప్పటికి నాలుగు రోజులైంది. పండగ సామాన్లతోపాటు తెస్తానని నేనే వాయిదా వేశాను.

చెయ్యి కంటె పెద్ద దెబ్బ మాటకు తగిలింది. కుడిచేతివాటం ఉన్నవారిలో నూటికి తొంభై అయిదు మందికి మాట ఎడమ మెదడులో ఉంటుంది. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు దగ్గరకు ఒక రోగి వచ్చాడు. ఏమడిగినా "టాన్, టాన్" అనేవాడు. ఏళ్ల తరబడి ఆ ఒక్కమాటే. చెప్పింది అర్థమయ్యేది, చేత్తో సైగ చేసి జవాబిచ్చేవాడు. అతను పోయాక మెదడు చూస్తే ఎడమవైపు ముందు భాగంలో ఒకచోట దెబ్బతిని ఉంది. ఆ చోటుకు బ్రోకా ప్రాంతమని పేరు. పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడు ఒకడు "టాన్ టాన్" అని అరిస్తే క్లాసంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. మా ఇంట్లో ఆ మాట "అది, అది" అయింది. మంచినీళ్లు అడగాలన్నా "అది". కోపమొచ్చినా "అది". ఎదుటివాళ్ల మాట మాత్రం అంతా అర్థమవుతుంది. చూడవచ్చినవారు ఆమెకు వినపడదేమోనని గట్టిగా అరిచేవారు, పసిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడేవారు. అప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగేవి. మాట పోయింది గాని తెలివి పోలేదు, చెవులు పోలేదు. దయచేసి అటువంటివారిని చూడబోయినప్పుడు ఈ సంగతి మరచిపోకండి.

మూడు వారాల తరువాత ఒక సాయంత్రం నేను సంధ్యదీపం పెడుతూ పాత కీర్తన ఒకటి, నాకు వచ్చినంతమటుకు, గొణుగుతున్నాను. నా శ్రుతి సంగతి మీకు తెలుసు. వెనకనుంచి ఆ కీర్తన సరైన శ్రుతిలో వినపడింది. మాటలతో సహా. మంచినీళ్లు అనలేని మనిషి చరణమంతా పాడింది. నేను దీపం అక్కడే పెట్టి నిలబడిపోయాను.

స్పీచ్ థెరపిస్టు అమ్మాయికి చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. పాట, బాగా నోటికి వచ్చిన వరసలు, అంకెలు, వారాల పేర్లు ఇలాంటివాటికి కుడి మెదడు సాయం ఎక్కువగా ఉంటుందట. వారాలు చెప్పమంటే ఆదివారం నుంచి శనివారం దాకా గడగడా చెప్పింది. "ఈ రోజు ఏ వారం?" అంటే "అది..." అంది. ఆ అమ్మాయి మాటలను రాగంలో పెట్టి నేర్పింది. అమెరికాలో 1970లలో రూపొందించిన పద్ధతి అది. "కా-ఫీ కా-వా-లి" అని ఎడమచేత్తో తాళం వేయిస్తూ పాడించేది. ఇల్లంతా భజనలాగా ఉండేది. నెమ్మదిగా రాగం తగ్గించి మాట మిగిల్చింది.

మాటలు తిరిగి వచ్చినప్పుడు ముందు పేర్లు వచ్చాయి. "కాఫీ... చక్కెర... తక్కువ." విభక్తులు రాలేదు. ముప్పై ఏళ్లు పిల్లలచేత డు, ము, వు, లు అని విభక్తులు వల్లెవేయించిన మనిషి! ఇంకా వింత, ఆ పట్టిక అప్పజెప్పమంటే ప్రథమ నుంచి సంబోధన దాకా తప్పులేకుండా అప్పజెప్పేది. వాక్యంలో ఒక్కటి పెట్టలేకపోయేది. పుస్తకాల్లో దీనికి పేరుంది, ఈ ప్రాంతం దెబ్బతిన్నవారికి వ్యాకరణం జారిపోతుందని రాసి ఉంది. నేను చదివాను కూడా. చదవడం వేరు, భోజనాల బల్ల దగ్గర వినడం వేరు.

చనిపోయిన కణాలు తిరిగి పుట్టవు. కానీ చుట్టూ మిగిలినవి కొత్త కొమ్మలు వేసి కొంత పని నేర్చుకుంటాయి. ముదిమెదడు కూడా నేర్చుకుంటుందని మా రోజుల్లో అంత గట్టిగా చెప్పేవాళ్లం కాదు. ఇప్పుడు చెబుతున్నారు. మొదటి మూడు నెలల్లో ఎక్కువ, ఆ తరువాత కూడా నెమ్మదిగా, ఏళ్ల తరబడి. ఆ ఏడు నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇవ్వడానికి వెళితే, కుడిచేతి సంతకం కలవలేదని ఒక బ్యాంకులో మూడుసార్లు తిప్పారు. మనిషి ఎదురుగా ఉంటే బతికి ఉన్నట్టు సంతకం కావాలన్నారు. ఆమె ఇంటికి వచ్చి రెండు రూళ్ల కాపీ పుస్తకం తెప్పించుకుని ఎడమచేత్తో అ ఆ లు దిద్దడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఎడమచేతి సంతకం నా కుడిచేతి సంతకంకంటె బాగుంటుంది.

సరే, మీకు కావలసింది ఇది. ఇంట్లో ఎవరికైనా తేడాగా కనిపిస్తే నవ్వమనండి, మూతి ఒకపక్క జారుతుందేమో చూడండి. రెండు చేతులూ ముందుకు చాపి కళ్లు మూసుకోమనండి, ఒకటి కిందికి వాలుతుందేమో చూడండి. ఒక వాక్యం చెప్పమనండి. మూడిట్లో ఒక్కటి తప్పినా గడియారం చూసి, చివరిసారి ఎన్నింటికి బాగున్నారో రాసుకుని, 108కి ఫోన్ చేయండి. స్కానింగు ఉన్న ఆసుపత్రికే తీసుకువెళ్లమనండి. ఎందుకంటే గడ్డవల్ల వచ్చిందా, నాళం చిట్లి వచ్చిందా అన్నది స్కానింగులోనే తెలుస్తుంది. రెండూ పైకి ఒకటిగానే కనిపిస్తాయి, వైద్యం మాత్రం పూర్తిగా వేరు. అందుకే మీ అంతట మీరు ఆస్పిరిన్ వేయకండి. కాఫీ కాదు గదా, మంచినీళ్లు కూడా పట్టకండి, మింగే కండరాలు పనిచేయకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పది నిమిషాల్లో అన్నీ సర్దుకున్నా ఆగకండి, అది పెద్దదానికి ముందు వచ్చే హెచ్చరిక కావచ్చు. ఆలస్యమైందని వదిలేయకండి కూడా. 2018లో వెలువడిన పరిశోధనల తరువాత, పెద్ద నాళం పూడినవారిలో కొందరికి సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగే చికిత్స 24 గంటల వరకూ చేస్తున్నారు. అది ఎవరికి తగునో వాళ్లు చెబుతారు.

టీ వాసన వస్తోంది. ఇంకో రెండు మాటలు.

రాత్రిపూట లేవగానే కళ్లు తిరుగుతున్నాయని చాలామంది అంటూ ఉంటారు. నిలబడగానే రక్తం కాళ్లలోకి దిగుతుంది. వెంటనే నాళాలను బిగించి గుండెను తొందరపెట్టే పని స్వయంచోదిత నాడీ వ్యవస్థది, మనం అడగకుండా అదే చేస్తుంది. వయసుతో అది కొంచెం మందగిస్తుంది, బి.పి. మాత్రలు ఇంకొంచెం మందగింపజేస్తాయి. మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, కాళ్లు ఆడించి, అప్పుడు లేవండి.

రెండోది మరపు. నిన్న ఒకరు నన్ను అడిగారు, సహోద్యోగుల పేర్లు నాలుక చివర ఆగిపోతున్నాయి, ఇది మతిమరుపు జబ్బా అని. 1953లో అమెరికాలో ఫిట్స్ తగ్గించడానికి ఒక యువకుడి మెదడులో రెండువైపులా హిప్పోకాంపస్ అనే భాగాన్ని చాలావరకు తీసేశారు. ఫిట్స్ తగ్గాయి, కానీ ఆ తరువాత 2008లో చనిపోయేదాకా కొత్త మనిషిని ఎవరినీ గుర్తుపెట్టుకోలేకపోయాడు. భోజనం చేసిన సంగతి కాసేపటికి గుర్తుండేది కాదు. అయితే అద్దంలో చూస్తూ బొమ్మ గీయడం నేర్పితే రోజురోజుకూ చెయ్యి బాగుపడింది, నేర్చుకున్నట్టు మాత్రం అతనికి తెలియదు! అంటే జ్ఞాపకాలు ఒకే బీరువాలో లేవు. పేరు ఆలస్యంగా రావడం మన వయసుకు మామూలే, తరువాత స్నానం చేస్తుంటే అదే వస్తుంది. తెలిసిన వీధిలో దారి తప్పడం, చెప్పిందే పదిసార్లు చెప్పడం, లెక్కలు చూసుకోలేకపోవడం అయితే డాక్టరుకు చూపించాలి. అప్పుడు కూడా ముందే గుండె జారిపోనక్కరలేదు. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ తగ్గడం వల్ల కూడా మరపు వస్తుంది, వాటికి వైద్యం ఉంది. శాకాహారులు, షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారు బి12 పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఇంతటితో నా పాఠం అయింది. కార్యక్రమ పత్రంలో చివర వందన సమర్పణ అని ఉంది, పేరు లేదు. కార్యదర్శిగారు, నేను మాట్లాడుకుని మా ఆవిడ చేత చేయించాలనుకున్నాం. నాలుగు రోజుల నుంచి అద్దం ముందు సాధన చేస్తోంది. రెండు నిమిషాలు అనుకున్నది అయిదు నిమిషాలు పట్టవచ్చు. మధ్యలో మాట కోసం ఆగుతుంది. మీకు ఆ మాట తెలిసినా దయచేసి అందించకండి, ఆవిడే వెతుక్కుంటుంది. టీ కాసేపు ఆగమని చెప్పండి.